ముప్పై మూడో సవరణకు కారణం

గట్టు ఏడు 22 (గట్టు కట్టిన ఏటి నుంచి లెక్క). మాఘ శుద్ధ ద్వాదశి. పోటు ఉదయం 7:10, ఎత్తు 1.52 మీటర్లు.

పోటుతో పాటే ఇమ్మానియేలు పడవ వచ్చింది. పాత జాతీయ రహదారి మీదుగా అడ్డదారిన వచ్చాడట, మునిగిన మైలురాయి తగిలి అడుగు చెక్క గీసుకుపోయింది. ఇరవై ఏడు లాకుల కంప్యూటర్లకూ అతనొక్కడే మెకానిక్. చంకలో ఒక రేకు డబ్బా ఉంది.

"లాకుగారూ, ఏడో వెర్షన్ తెచ్చానండి. ఎక్కించేద్దామా?"

ఇక్కడ అందరూ నన్ను లాకుగారనే అంటారు. శేషగిరి అనే పేరు జీతపు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

"ముందు టీ తాగు," అన్నాను.

"మీరు టీ కాచేలోగా ఎక్కేత్తాదండి. ఇరవై అయిదు లాకులకి అయిపోయింది. మీరూ, ఆ చివరగరువు లాకాయనా మిగిలారు. ఆయన తలుపే తియ్యలేదు."

మా లాకును నడిపేది తరంగ అనే వ్యవస్థ, ఆరో వెర్షన్. నాలుగు తూముల దగ్గరా నీటిమట్టం చూపే గేజి పలకలను కెమెరాలతో చదివి, ఆటుకు తలుపులెత్తి, పోటుకు దించుతుంది. ఏడు కూడా అదే పని చేస్తుంది. తేడా ఏమిటని అడిగాను.

"ఆరు మనమేం చెప్పినా వింటదండి. ఏడు ఎందుకని అడుగుద్ది. కారణం చెప్తే ఉంచుద్ది, చెప్పకపోతే తీసి పారేత్తాది. కిందటేడు ఒక లాకులో ఎవరో ఎప్పుడో చెప్పిన సవరణ వల్ల ఊళ్ళోకి నీళ్ళొచ్చేసినయ్. చెప్పినాయన లేడు. ఎందుకు చెప్పాడో తెలిసినోడూ లేడు."

తెరమీద సవరణల జాబితా తెరిచాడు. నలభై ఒకటి. ప్రతిదానికీ తేదీ, మాట, చెప్పినవారి పేరు. నలభై ఒక్క చోట్లా హైమవతి అని, నా భార్య పేరే ఉంది.

"అన్నీ అమ్మగారివేనాండీ?"

"అవును. ఉదయపు పోటు ఆవిడ చూసేది, సాయంత్రపుది నేను."

"మరి మీవి?"

"నాకు లెక్క చాలు అనుకునేవాణ్ణి."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మగారి గొంతు కూడా దాచి ఉంటే బాగుండేదండి," అన్నాడు.

"ఆరు గొంతు దాచదు. అక్షరాలే."

అమావాస్య వరకూ గడువు. డబ్బా వదిలి వెళ్ళాడు.

మాఘ శుద్ధ చతుర్దశి. పోటు ఉదయం 8:45, ఎత్తు 1.71.

సోలార్ పలకలు తుడిచాను. మూడో తలుపు గొలుసుకు గ్రీజు పెట్టాను. ఎండ బాగుంది. వాననీళ్ళు వడకట్టే గుడ్డలు విప్పి, ఉతికి, గట్టుమీద ఆరేశాను.

ఏడు వద్దని నిర్ణయించుకున్నాను. ఉన్నది నడుస్తోంది. హైమ పోయి పద్నాలుగు నెలలైనా ఉదయపు తలుపులు ఆమె చెప్పిన వేళకే లేస్తున్నాయి. నేను ఆ వేళకు టీతో గట్టుమీదికి వెళ్తాను. దీన్ని మార్చాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

వైర్‌లెస్‌లో లాకుల కేంద్రం నుంచి ఒక ముక్క వచ్చింది. అమావాస్య తర్వాత సముద్రంలోని తేలుడు గేజీల కబురు ఏడుకు మాత్రమే అందుతుంది. ఆరుతో నడిచే లాకులు తమ కళ్ళతో తాము చూసుకోవాలి.

చూసుకుంటాను. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నదే.

మాఘ పూర్ణిమ. పోటు ఉదయం 9:30, ఎత్తు 1.93.

గాలి లేదు. సముద్రం పళ్ళెంలా ఉంది. ఆరున్నరకే తరంగ ఆరు మా నాలుగు తలుపులూ దించేసింది. వేళ కాకముందే ఎందుకు దించిందో నాకు అర్థం కాలేదు. దూరపు తేలుడు గేజీ కబురు పంపిందని తెర చూశాక తెలిసింది. ఎక్కడో లోతు సముద్రంలో లేచిన నీటి ఉబ్బు మూడు గంటల తర్వాత మా గట్టును తాకింది. పై మెట్టు తడిసింది.

నేను నిలబడి చూస్తూనే ఉన్నాను. ఉబ్బు వంద గజాల్లోకి వచ్చేదాకా నా కంటికి ఏమీ ఆనలేదు. తలుపులు చేత్తో దించడానికి నలభై నిమిషాలు పడుతుంది.

లోపల మూడు గరువుల మీద, ఆ కాస్త మెరక నేల మీద, నూట పది ఇళ్ళున్నాయి.

మాఘ బహుళ విదియ. పోటు ఉదయం 10:50, ఎత్తు 1.80.

ఏడు ఎక్కించాలి. అయితే ఆమె చెప్పిన నలభై ఒకటీ దానితో పాటు వెళ్ళాలి. కారణాలు నేనే వెతకాలి.

డబ్బాకున్న చిన్న తెరమీద ఒక ప్రశ్నపత్రం ఉంది. ఎక్కించకముందే కారణాలు నింపి ఉంచుకోవచ్చు. కూర్చుని పన్నెండు నింపాను. ఇవి లెక్కకు అందేవి. ఆగ్నేయపు గాలి ఉంటే ఒకటో గేజిని నమ్మొద్దు: అల ఎగిరి పలకను తడుపుతుంది. వాన కురిసిన రోజు ఆటుకు పావుగంట ముందే రెండో తలుపు ఎత్తు: లోపలి కాలవ నిండి ఉంటుంది. ఇవి నేను కాలేజీలో చదివిందే. ఆమె చదవకుండా తెలుసుకుంది.

తర్వాతివి అలా లేవు. శ్రావణ శుక్రవారాల్లో రెండో తూము పది నిమిషాలు ఆలస్యంగా తెరువు. పన్నెండేళ్ళుగా ఆ పది నిమిషాలను తూము మొరాయింపు అనుకుంటున్నాను. ఒకసారి దాన్ని విప్పి బేరింగులు కూడా మార్చాను. హైమ పక్కనే నిలబడి పానాలు అందించింది, ఏమీ అనలేదు.

రేవులో చేపలు దిగుతుంటే అక్కడి ఆడవాళ్ళను అడిగాను. ఆ శుక్రవారాల్లో తలంట్లు కాలవ మెట్ల మీదేనట. నీళ్ళు ఒక్కసారి వస్తే కుంకుడుకాయల గిన్నెలు కొట్టుకుపోతాయి.

మాఘ బహుళ పంచమి. పోటు మధ్యాహ్నం 1:15, ఎత్తు 1.44.

ఇరవై ఆరు అయ్యాయి.

పంతొమ్మిదోది: మూడో తలుపు ఒక్క ఊపున ఎత్తకు, జానెడు ఎత్తి ఆగు, తర్వాత మిగతాది. తలుపు కింద నీటికుక్కలు పిల్లలు పెట్టాయన్న సంగతి నాకు గుర్తుంది. అదే రాశాను. ప్రశ్నపత్రం ఊరుకోలేదు. "కారణం ఇప్పటికీ ఉందా? చూసి చెప్పండి," అంది.

ఆటు తీశాక నిచ్చెన వేసుకుని దిగాను. నాచు మీద కాలు జారి మోకాళ్ళ దాకా బురదలో కూరుకుపోయాను. ముందు ఏమీ కనపడలేదు. తర్వాత రాళ్ళ సందులోంచి మూడు ముఖాలు వరసగా బయటికి వచ్చాయి. వాటి వెనక తల్లి. నన్ను చూసి బుసకొట్టింది. నేను మర్యాదగా వెనక్కి నడిచాను.

"ఉంది. నాలుగు," అని రాశాను.

ఈ మధ్య ఇంత నవ్వింది లేదు. చొక్కా ఉతుక్కుంటూ కూడా నవ్వు వస్తూనే ఉంది.

మాఘ బహుళ సప్తమి. పోటు మధ్యాహ్నం 3:00, ఎత్తు 1.31.

నలభై అయ్యాయి. కొన్నిటికి ఊరంతా తిరగాల్సి వచ్చింది. తలుపులెత్తే ముందు హారన్ మూడుసార్లు మోగించమనడం ఎందుకో పడవ నడిపేవాళ్ళు చెప్పారు: ఒకసారి మోగితే తవుడు పడవ వచ్చిందనుకుని గేదెలు గట్టెక్కుతాయి. నాకు తెలియని పనులు ఈ ఊళ్ళో ఆమెకు చాలా ఉండేవి. పెళ్ళయిన ముప్పై ఏళ్ళ తర్వాత కొత్త సంగతులు తెలియడం బాగుంది.

ఒకటి మిగిలింది. ముప్పై మూడోది. గట్టు ఏడు 14, మార్గశిర శుద్ధ పాడ్యమి నాడు చెప్పింది: "నాలుగో తూము గేజి చూపిన దానికి తొమ్మిది సెంటీమీటర్లు కలుపు."

ఎవరికీ తెలియదు. గట్టు అక్కడ కుంగి ఉంటుందనుకున్నాను. కానీ గట్టు కుంగితే పలక కూడా దానితో కుంగుతుంది. అప్పుడు తగ్గించాలి, కలపకూడదు.

మాఘ బహుళ నవమి. ఆటు ఉదయం 10:20.

మట్టం చూడటానికి తాపీమేస్త్రులు వాడే నీళ్ళ గొట్టం తీసుకుని నాలుగో తూము దగ్గరికి వెళ్ళాను. ఒక కొస మూడో తూము పలక దగ్గర కట్టి, రెండో కొస నాలుగో పలక దగ్గర పట్టుకున్నాను. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ తొమ్మిదే. గట్టు కుంగలేదు. నాలుగో పలక ఉండాల్సిన చోటికంటే తొమ్మిది సెంటీమీటర్లు పైకి ఉంది. కాబట్టి నీళ్ళను తొమ్మిది తక్కువ చూపిస్తుంది.

ఆ పలక ఎవరు బిగించారో పాత పుస్తకంలో ఉంది. గట్టు ఏడు 14, కార్తీక తుపాను కొట్టుకుపోయిన పలక స్థానంలో కొత్తది, గోడ తలనుంచి రెండు మీటర్లు కొలిచి బిగించడమైనది. కింద సంతకం నాది.

గోడ తలమీద ఆ వారమే కొత్త కాంక్రీటు పొర పోశాం. దాని మందం ఇప్పుడు కొలిచాను: తొమ్మిది సెంటీమీటర్లు. కొలవకముందే తెలుసు.

సివిల్ ఇంజినీరింగు మొదటి సంవత్సరం పిల్లలు కూడా చెయ్యని పొరపాటు. కొలిచే ముందు దేనిమీద నిలబడ్డామో చూసుకోవాలి.

మాఘ బహుళ దశమి. పోటు సాయంత్రం 5:30, ఎత్తు 1.36.

నాలుగో తూము మాత్రం పోటు పెరిగేటప్పుడు తెరుచుకుని లోవలక్ష్మి పీతల చెరువుల్లోకి సముద్రపు నీళ్ళు పంపుతుంది. పోటు 1.60 దాటకముందే తూము మూసుకోవాలి. ఆలస్యమైతే ఉప్పునీరు చిన్న గట్టు దాటి ఆమె మంచినీళ్ళ గుంటలో పడుతుంది. పొద్దున్నే తెడ్డు వేసుకుని వెళ్ళాను.

లోవలక్ష్మి పీతల కాళ్ళకు తాళ్ళు కడుతోంది. తల ఎత్తకుండానే పలకరించింది.

"రండి లాకుగారూ. ఊరంతా తిరిగి ఎందుకు ఎందుకు అని అడుగుతున్నారంట కదా. మా ఇల్లు ఆఖర్న గుర్తొచ్చిందా?"

"గుర్తు లేక కాదు. ఇక్కడ అడగాల్సింది ఉంటుందని తెలీలేదు."

"కూచోండి. ఆ బల్ల కాదండి, అది ఇరిగిపోయింది. అదిగో, అది."

తుపాను ఏడు ఆమె గుంటలో ఉప్పునీరు పడిందా అని అడిగాను. తాడు ముడి వేయడం ఆపింది.

"పడిందండి. మార్గశిరంలో. బిందె ముంచితే ఉప్పు కషాయం. లాకు దగ్గరికొచ్చి పోట్లాడదామని బయల్దేరాను. రేవులోనే అమ్మగారు ఎదురయ్యారు. గుంట చూశారు, తూము చూశారు. 'రేపట్నించి రాదు లోవా' అన్నారు. రాలేదండి. మళ్ళీ ఎప్పుడూ రాలేదు."

"మరి ఆ గుంట బాగుపడేదాకా నీళ్ళు?"

"ఆవిడే తెచ్చేవారు. రోజూ పడవలో నాలుగు బిందెలు. రెండు నెలలు. మీకు తెలీదా?"

ఆ రెండు నెలలు నాకు బాగానే గుర్తున్నాయి. "నీ దగ్గర పీతల కూర నేర్చుకుంటున్నానని చెప్పేది," అన్నాను.

లోవలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. "నా దగ్గరాండీ? పీతని చూస్తే ఆమడ దూరం పోయేవారు కదండీ ఆవిడ. మరి మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"రెండు నెలలు నేర్చుకున్నాక కూడా అలా వండిందేమిటని అనుకున్నాను."

"తిన్నారా?"

"తిన్నాను."

"పాపం," అంది. ఎవరి గురించి అన్నదో తెలియలేదు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆమె పీతను బుట్టలో వేసి, చేతులు కడుక్కుని, నెమ్మదిగా చెప్పింది.

"ఆ యేడే కదండీ, తుపానుకి తట్టుకుందని మీ లాకుకి మెచ్చుకోలు పత్రం ఇచ్చింది? మీరు గోడకి మేకు కొడతా ఉన్నారంట, ఈవిడ నా గుంట చూసి ఇంటికొచ్చేటప్పటికి. 'ఇప్పుడు చెప్తే దాన్ని దించేత్తారు లోవా. కొన్నాళ్ళు ఉండనీ, తర్వాత చెప్తాను' అన్నారు. చెప్తారనే అనుకున్నా. మరి చెప్పలేదన్నమాట."

"లేదు."

"మర్చిపోయి ఉంటారండి. సర్దుకుపోయాక ఎవరికి గుర్తుంటాది."

వస్తుంటే ఆరు పీతలు బుట్టలో వేసి ఇచ్చింది. ఎలా వండాలో రెండుసార్లు చెప్పింది. నేను రాసుకోలేదు, అయినా కూర బాగానే వచ్చింది.

మాఘ బహుళ ద్వాదశి. పోటు ఉదయం 7:05, ఎత్తు 1.55.

ఇమ్మానియేలు వైర్‌లెస్‌లో పలికాడు.

"లాకుగారూ, ఎంతవరకొచ్చిందండీ? చివరగరువాయన కూడా ఎక్కించేసుకున్నాడు. మీరొక్కరే."

"నలభై అయ్యాయి. ఒకటుంది. దానికి కారణం రాస్తే ఎవరెవరు చూస్తారు?"

"అందరూ చూత్తారండి. ఇరవై ఏడు లాకులకీ వెళ్ళిపోద్ది, కేంద్రానికీ వెళ్ళుద్ది. ఒకరి తెలివి ఇంకొకరికి పనికొత్తాదని. ఏంటండీ అది?"

చెప్పాను. అతను వెంటనే ఉపాయం చెప్పాడు.

"గట్టు కుంగింది అని రాసేయండి. అందరూ అదే రాత్తారు. ఏడుకి గట్టు కుంగిందంటే మారు మాట్లాడదు."

"పలక సరిచేసి, ఆ సవరణ జాబితాలోంచి తీసేసి కూడా ఎక్కించొచ్చు కదా?"

"బేషుగ్గా. అప్పుడు నలభయ్యే అడుగుద్ది. ఎవరికీ తెలీదు."

రోజంతా ఈ రెండు దారుల గురించే ఆలోచించాను. రెండూ సుళువైనవి. మొదటిది రాస్తే ఇరవై ఆరు లాకుల వాళ్ళు నాలుగో తూము దగ్గర గట్టు కుంగుతోందని నమ్ముతారు. ఎప్పుడో ఒకరోజు ఎవరో వచ్చి లేని కుంగుకు మట్టి పోస్తారు. రెండోది తప్పు కాదు. పలక సరిగ్గా ఉంటుంది, నీళ్ళు సరిగ్గా ఉంటాయి. ఆమె ఎనిమిదేళ్ళు ఏం చేసిందో మాత్రం ఎక్కడా ఉండదు.

ఆమె నాకు చెప్పకుండా ఉంచింది నా కోసం. ఆ మేరకు నాకు చేరింది. ఇంకా దాచి ఉంచడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

మాఘ బహుళ త్రయోదశి. పోటు ఉదయం 7:55, ఎత్తు 1.68.

పోటు దిగాక డబ్బా తగిలించాను. ఇమ్మానియేలు చెప్పింది నిజమే, టీ కాగేలోగా ఎక్కింది. నలభై కారణాలూ ఒక్కొక్కటిగా చదువుకుంది. నీటికుక్కల దగ్గర కాసేపు ఆగింది. కుంకుడుకాయల గిన్నెల గురించి ఏమీ అడగలేదు.

ముప్పై మూడు. కారణం?

"గట్టు ఏడు 14లో నాలుగో గేజి పలకను నేను తొమ్మిది సెంటీమీటర్లు పైకి బిగించాను. కొత్త కాంక్రీటు పొరను లెక్కలోకి తీసుకోలేదు. దానివల్ల లోవలక్ష్మి గుంటలో ఉప్పునీరు పడింది. నా భార్య హైమవతి కనిపెట్టి ఈ సవరణ చెప్పింది. ఎనిమిదేళ్ళు గుంటలో మళ్ళీ ఉప్పు పడలేదు."

కారణం ఇప్పటికీ ఉందా?

"ఉంది. రేపు ఆటుకు తీసేస్తాను."

అయితే సవరణను రేపటిదాకా ఉంచుతానంది. పంపమంటారా అని అడిగింది. పంపమన్నాను.

గోడ మీది మెచ్చుకోలు పత్రాన్ని దించలేదు. ఆ తుపానులో గట్టు నిజంగానే నిలబడింది.

సాయంత్రం చివరగరువు లాకాయన వైర్‌లెస్‌లో పిలిచాడు. ఇరవై రెండేళ్ళలో మేం మాట్లాడుకోవడం ఇది రెండోసారో మూడోసారో.

"మీ ముప్పై మూడు చదివానండి. మేం కూడా ఆ యేడే పొర పోశాం. పొద్దున్న గొట్టం పెట్టి చూసుకుంటాను." గొంతు తగ్గించి, "మా ఆవిడ కూడా చదివింది. నన్నదోలా చూత్తా ఉంది," అన్నాడు.

మాఘ బహుళ చతుర్దశి. ఆటు మధ్యాహ్నం 2:50.

లోవలక్ష్మి వచ్చి గొట్టం కొస పట్టుకుంది. "పైకండి. ఇంకాస్త. ఎక్కువైంది, దించండి. మీకు కొలతలు రావని ఇప్పుడు ఊరందరికీ తెలుసు, సరిగ్గా చూసుకోండి," అంటూనే ఉంది. నాలుగు బోల్టులు విప్పడానికి గంట పట్టింది, తుప్పు పట్టాయి. పలకను తొమ్మిది సెంటీమీటర్లు దించి మళ్ళీ బిగించాను. ఈసారి గోడ తలనుంచి కాదు, మూడో పలక నుంచి కొలిచాను. పాత బోల్టుల గుర్తులు గోడ మీద అలాగే ఉన్నాయి. వాటిని సిమెంటుతో పూడ్చాను.

గదిలోకి వచ్చేసరికి ఏడు అడుగుతోంది. సవరణ 33కు కారణం తొలగింది. సవరణ తొలగించాలా?

చెయ్యి కడుక్కుని వచ్చి అవును నొక్కాను.

మాఘ అమావాస్య. పోటు ఉదయం 9:25, ఎత్తు 1.96.

తేలుడు గేజీల కబురు పొద్దున ఆరు గంటలకే తరంగ ఏడుకు అందింది. ఉబ్బు లేదు. మొదటి మూడు తలుపులూ వేళకు దిగాయి. నేను టీతో గట్టుమీద ఉన్నాను.

7:40కి నీళ్ళు పీతల చెరువుల్లోకి బయలుదేరాయి. 8:20కి నాలుగో పలక మీద 1.60 అని నా కళ్ళతో చూశాను. మూడో పలక మీద కూడా 1.60. ఎవరూ ఏమీ కలపలేదు. నాలుగో తూము మూసుకుంది.

పోటు పూర్తిగా వచ్చి, నిలబడి, తిరిగేదాకా అక్కడే కూర్చున్నాను. ఆటు మొదలయ్యాక మూడో తలుపు జానెడు ఎత్తి ఆగింది, తర్వాత మిగతాది ఎత్తింది. పదిన్నరకు లోవలక్ష్మి తన ఇంటి వైర్‌లెస్ నుంచి పిలిచింది.

"గుంటలో ముంచి తాగానండి. చప్పగా ఉన్నాయి."

"మరోసారి చూడు."

"ఇప్పటికి రెండు గ్లాసులు తాగాను లాకుగారూ. చప్పగా ఉన్నాయి, రాసుకోండి."

రాసుకున్నాను.